కోట్లు లేని బ్యాట్‌మ్యాన్

బ్యాట్‌మ్యాన్ దగ్గర డబ్బు లాగేసుకుంటే ఏం మిగులుతుంది? కామిక్స్ చదివేవాళ్ళ మధ్య ఇది పాత వేళాకోళం. అతని అసలు శక్తి తండ్రి వదిలిపోయిన ఆస్తేనని ఎవరో ఒకరు దెప్పకుండా ఏ వాదనా ముగియదు. 2024 అక్టోబరులో డీసీ కామిక్స్ వాళ్ళు ఆ వేళాకోళాన్నే పట్టుకుని ‘అబ్సొల్యూట్’ పేరుతో కొత్త వరస మొదలుపెట్టారు. పాత కథలతో సంబంధం లేని వేరే లోకం అది. బ్యాట్‌మ్యాన్‌కి డబ్బు లేదు, వండర్ ఉమన్‌కి ద్వీపం లేదు, తోబుట్టువులు లేరు, సూపర్‌మ్యాన్‌కి కాన్సస్ పొలాల్లో గడిచిన బాల్యం లేదు.

ప్రకటన చూడగానే పెదవి విరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. హీరో దగ్గర ఏదో ఒకటి లాక్కోవడం రచయితకి ఒక వాక్యంతో అయిపోయే పని. ఆ లోటు బొమ్మలో కనబడాలి, గడుల అమరికలో తెలియాలి. లేకపోతే మారింది బయోడేటా మాత్రమే. వరుసగా సంచికలు చదువుతూ వచ్చాక నా కొలత ఇదే అయింది: పోగొట్టుకున్నది పేజీ మీద కనిపిస్తోందా, లేదా?

బ్యాట్‌మ్యాన్‌లో కనిపిస్తోంది. రాసింది స్కాట్ స్నైడర్, గీసింది నిక్ డ్రగోటా. ఇక్కడ బ్రూస్ వేన్ తండ్రి బడిపంతులు. పిల్లల్ని జూకి తీసుకెళ్ళిన రోజు అక్కడ జరిగిన కాల్పుల్లో చనిపోయాడు. తల్లి మార్తా బతికే ఉంది. భవంతి లేదు, బట్లర్ లేడు. ఆల్ఫ్రెడ్ ఉన్నాడు గానీ, గోతమ్ నగరానికి వచ్చిన ఎంఐ6 గూఢచారి అతను. మొదటి కథంతా మనం వినేది అతని గొంతులోనే. బ్రూస్ నగరపాలక సంస్థలో ఇంజనీరు. ఏ వంతెన కింద ఏముందో, ఏ గొట్టం ఎటు పోతుందో అతనికి ఉద్యోగరీత్యా తెలుసు.

డ్రగోటా ఈ బ్రూస్‌ని తలుపులో పట్టనంత భారీగా గీశాడు. మొదట చూసి నవ్వొచ్చింది, మరీ ఇంత కండా అని. రెండు మూడు సంచికలు గడిచేసరికి లెక్క అర్థమైంది. ఛాతీ మీది గబ్బిలం గుర్తు పీకితే గొడ్డలవుతుంది. ముసుగు చెవులు ఊడదీస్తే కత్తులు. సరంజామా కొని దాచుకునే స్థోమత లేనివాడు ఉన్నదంతా ఒంటి మీదే మోస్తున్నాడు. డబ్బు చేసే పనంతా ఒళ్ళు చేస్తోంది. పేజీ కూడా అంతే. చిన్న చిన్న గడులు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి, ఊపిరాడదు. పేజీ తిప్పగానే రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మ, మధ్యలో అతను. ఫ్రాంక్ మార్టిన్ రంగులు ఆ దెబ్బకి ఇంకా బరువు పెట్టాయి.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది పేకాట. ఆస్వాల్డ్, హార్వీ, ఎడ్డీ, వేలన్, సెలీనా అందరూ బ్రూస్ చిన్ననాటి స్నేహితులు. పాత కథల్లో వీళ్ళంతా ఎవరో మనకి తెలుసు: పెంగ్విన్, టూ-ఫేస్, రిడ్లర్, కిల్లర్ క్రాక్, క్యాట్‌ఉమన్. ఇక్కడ కూర్చుని పేక ముక్కలు పంచుకుంటూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. రేపు వీళ్ళలో ఎవరు ఏమైపోతారోనన్న భయం పాఠకుడికి ఉంది, బ్రూస్‌కి లేదు. వేలన్ విషయంలో ఆ భయం నిజమైనప్పుడు, ఏనాడూ పట్టించుకోని ఒక మొసలి విలన్ కోసం నేను బాధపడ్డాను. దశాబ్దాల నాటి పాత్రల పరిచయాన్ని ఇంత తెలివిగా వాడుకున్న సంచికలు ఈ మధ్య నా కంట పడలేదు.

మెచ్చుకోలు చాలు. విలన్ బేన్ వచ్చాక కథ ‘నువ్వు పెద్దా నేను పెద్దా’ అనే పోటీలో పడింది. బ్యాట్‌మ్యాన్ కొండంత, బేన్ అంతకు మించి, హింస ఇద్దరినీ మించి. దానికి ముందు మార్కోస్ మార్టిన్ గీసిన మిస్టర్ ఫ్రీజ్ కథ రెండంటే రెండు సంచికలు. పొదుపైన గీతలు, చల్లటి ఖాళీలు. అవి పుట్టించిన భయం బేన్ ఎన్ని ఎముకలు విరిచినా రాలేదు.

వండర్ ఉమన్‌ని కెల్లీ థాంప్సన్ రాస్తోంది, బొమ్మలు హేడెన్ షెర్మన్‌వి. 2025లో ఉత్తమ కొత్త సిరీస్‌గా దీనికి ఐస్నర్ అవార్డు వచ్చింది. నన్నడిగితే న్యాయమే. పసిబిడ్డ డయానాని తెచ్చి నరకంలో సర్సీ ఒడిలో పడేస్తారు. గ్రీకు పురాణాల్లో మనుషుల్ని పందులుగా మార్చిన మంత్రగత్తె ఆ సర్సీ. తన జాతి పేరైన అమెజాన్ అన్న మాట పలకడానికే వీల్లేదు. ఇలా పెరిగిన పిల్ల కోపంతో రగిలిపోతూ వస్తుందని ఎదురుచూశాను. వచ్చింది మాత్రం పురుగుకీ పుట్రకీ జాలిపడే అమ్మాయి. నరకంలో చిక్కుకున్న స్టీవ్ ట్రెవర్‌ని పైలోకానికి పంపడానికి చెయ్యి కోసి ఇచ్చేస్తుంది, అదేదో గొప్ప త్యాగమన్న ఆర్భాటం లేకుండా. ఆ పెంపకం ఎవరిదంటే, ప్రేమించడం చేతకాదనుకున్న సర్సీదే. మొదటి సంచికలో ఆ మంత్రగత్తె బిడ్డకి మెల్లగా లొంగిపోయే తీరు మళ్ళీ మళ్ళీ చదివాను. షెర్మన్ గడులు నలుపలకల్లో కుదురుగా ఉండవు, వంకలు తిరుగుతాయి, చుట్టుకుంటాయి. కన్ను ఎటు పోవాలో ఒక్కోసారి తడుముకుంటుంది. ఆ తడబాటు నాకు ఇష్టమే.

సూపర్‌మ్యాన్ దగ్గర నా ఉత్సాహం సగానికి పడిపోయింది. రచయిత జేసన్ ఆరన్ ఆలోచన మంచిది: క్రిప్టాన్‌లో కాల్-ఎల్ (అంటే సూపర్‌మ్యాన్) తల్లిదండ్రులు శ్రమజీవులు, గ్రహాన్ని తవ్వి తవ్వి చంపేసింది పైనున్న పెద్దలు. భూమ్మీద ఆ కుర్రాడు గని కూలీల పక్షాన నిలబడతాడు. ఇదంతా కొత్త రాజకీయమని కొందరు విసుక్కున్నారు గానీ వాళ్ళు పాతవి తిరగేయాలి. 1938లో యాక్షన్ కామిక్స్ మూడో సంచికలోనే జెర్రీ సీగెల్, జో షూస్టర్ సూపర్‌మ్యాన్‌ని గని కార్మికుడి వేషంలో లోపలికి పంపి, భద్రత గాలికొదిలేసిన యజమానికి బుద్ధి చెప్పించారు. ఆరన్ తిరిగి పుట్టింటికే వెళ్ళాడు. నా ఫిర్యాదు వేరు. క్రిప్టాన్ కథా, భూమి కథా మారి మారి నడుస్తూ, ఒకటి ఊపందుకునేలోగా రెండోది అడ్డొస్తుంది. రఫా సాండోవల్ బొమ్మలు అందంగా, ధాటిగా ఉంటాయి. ఎర్రటి ధూళి అతని వెనక కేప్‌లా లేచే దృశ్యం బాగుంటుంది. కానీ ఆ కుర్రాడి ఒంటరితనం పెట్టెల్లోని మాటల ద్వారా తెలిసినంతగా బొమ్మల ద్వారా తెలియదు. దీన్ని నెలనెలా కొనడం మానేశాను, సంపుటంగా వస్తే చదువుతాను.

నిజానికి ఈ వరసలో పెద్ద పేర్లు వేటినీ కాకుండా ఒక పక్కపాత్రని నెత్తిన పెట్టుకుంటాను. మార్షియన్ మ్యాన్‌హంటర్. 2025 మార్చిలో మొదలైంది. రచన డెనిజ్ క్యాంప్, బొమ్మలూ రంగులూ హవియేర్ రోడ్రిగెస్. జాన్ జోన్స్ ఎఫ్‌బీఐ ఏజెంటు. ఒక పేలుడులో బతికి బయటపడ్డాక అతని బుర్రలో ఎవరో ఆకుపచ్చగా మాట్లాడటం మొదలవుతుంది. అప్పటినుంచి మనుషుల ఆలోచనలు రంగు పొగలుగా అతనికి కనబడతాయి. రద్దీ వీధిలో ఒక్కొక్కరి చుట్టూ ఒక్కో రంగు మెలికలు తిరుగుతుంటే, ఎవరి గుబులు ఎవరిదో మాట లేకుండానే తెలుస్తుంది. వెండితెర మీద దీన్ని ఎన్ని కోట్లు పోసి తీసినా గ్రాఫిక్స్ అయిపోతుంది. ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చూసే వీలు కాగితానికే ఉంది. భార్యతో, కొడుకుతో రెండు మాటలు సరిగ్గా మాట్లాడలేని మనిషికి ఊరందరి మనసులూ వినబడటం అనే విడ్డూరం కథకి వెన్నెముక. ఆరు సంచికలకని మొదలై పన్నెండుకి పెరిగింది, ఆ మేలు అరుదు.

మార్వెల్ వాళ్ళ ‘అల్టిమేట్’ వరసలో జరిగిందీ లాక్కోవడమే, తిరగేసి. 2024 జనవరిలో జొనాథన్ హిక్‌మన్, మార్కో కెకెట్టో మొదలుపెట్టిన స్పైడర్‌మ్యాన్‌లో పీటర్ పార్కర్‌కి అన్నీ ఉన్నాయి: గడ్డం, ఉద్యోగం, మేరీ జేన్, ఇద్దరు పిల్లలు, బతికున్న బెన్ బాబాయి. లేనిది సాలీడు కాటు ఒక్కటే. దాన్ని ఎవరో ముందే దొంగిలించారు. ముప్పై దాటిన మనిషి ఏదో వెలితిగా ఉందని తిరుగుతూ హీరో అవుతాడు. నాలుగో సంచిక మొత్తం రెండు జంటలు రెస్టారెంటులో కూర్చుని భోంచేయడమే, ఒక్క గుద్దు లేదు. డేవిడ్ మెసీనా గీసిన ఆ ముఖాలు చాలు. ఇక్కడ సంచికకి సంచికకి మధ్య కథలోనూ నెల గడుస్తుంది. నియమం ముచ్చటగానే ఉంది, కానీ తర్వాత్తర్వాత ముఖ్యమైన సంఘటనలు ఆ గడిచిన నెలల్లోనే జరిగిపోయి, మనకి కబురు మాత్రం అందుతోంది. పండగ అయిపోయాక వెళ్ళిన చుట్టంలా ఉంటుంది పాఠకుడి పరిస్థితి.

2025లో డీసీ, మార్వెల్ కలిసి బ్యాట్‌మ్యాన్, డెడ్‌పూల్‌లని ఎదురెదురుగా నిలబెట్టాయి. 2003-04 నాటి జేఎల్ఏ (జస్టిస్ లీగ్), అవెంజర్స్ కలయిక తర్వాత ఇంత పెద్ద సంబరం ఇదే. చదివాను, నవ్వాను, మర్చిపోయాను. ముఖచిత్రాల గొడవ మర్చిపోయేది కాదు. ఒకే సంచికకి తలో చిత్రకారుడి అట్ట, మెరుపు అట్ట, ఖాళీ అట్ట. లోపలి కథ ఒకటే. ‘అబ్సొల్యూట్ బ్యాట్‌మ్యాన్’ ఒక్క సంచిక ధర 4.99 డాలర్లు, మన డబ్బుల్లో నాలుగు వందలు దాటుతుంది. చదవడానికి పట్టేది టీ చల్లారేంత సేపు. అట్టల కోసం కొనేవాళ్ళ డబ్బుతోనే మార్షియన్ లాంటి వింత పుస్తకాలు బతుకుతున్నాయేమోనన్న అనుమానం నన్ను కాస్త ఊరుకోబెడుతుంది.

మళ్ళీ ఆ ఇంజనీరు బ్రూస్ దగ్గరికే వస్తే, అతని శత్రువు జోకర్‌కి ఇక్కడ అంతులేని ఆస్తి ఉంది, నవ్వు మాత్రం లేదు. పాత లెక్క తలకిందులు చేయడం బాగానే ఉంది. మరి బ్రూస్ నడిపే బ్యాట్‌మొబైల్ చూశారా? గనుల్లో మట్టి మోసే డంపర్ అంత వాహనం. ప్రభుత్వ జీతగాడికి దాని టైరు కొనడానికే పీఎఫ్ చాలదు. సంచికలు గడిచేకొద్దీ అతని సరంజామా పెరుగుతోంది, అమ్మకాలు పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. స్నైడర్ ఎక్కడో ఒకచోట ఆ డీజిల్ బిల్లు చూపించాలని నా డిమాండ్.