బీరు కల్లా, సారాయా?

కిందటి సంచికలో వచ్చిన అనువాద కథ బాగుందని చాలామంది అన్నారు. మేమూ కాదనము. మూలకథకుడి ధోరణి చాలావరకు తెలుగులోకి దిగింది. సంభాషణలు మన నోటికి పట్టేటట్టు ఉన్నాయి. పోతే, కథకు ప్రాణమైన చోటనే ఒక మాట పంటికింద రాయిలా తగిలింది. లండనులో ఒక గుమాస్తా మధ్యాహ్నం భోజనం వేళ పబ్బుకు వెళ్లి, రెండు పైంట్ల బీరు తాగి, తిరిగి ఆఫీసుకు వచ్చి సాయంత్రం దాకా పద్దులు చూసుకుంటాడు. ఆ మనిషి బతుకు రోజూ ఎంత చప్పగా గడుస్తున్నదో చెప్పడానికి మూలంలో ఆ వాక్యం ఉంది. తెలుగులో ఆయన తాగినది "యవల సారాయి" అయి కూర్చుంది.

వృత్తిరీత్యా వైద్యులం గనుక మేము ముందు లెక్క వేశాము. ఇంగ్లీషు పైంటు 568 మిల్లీలీటర్లు. రెండు పైంట్లు 1136. అక్కడి మామూలు బీరులో నూటికి 4 పాళ్లు ఆల్కహాలు అనుకుంటే లోపలికి వెళ్లేది సుమారు 45 మిల్లీలీటర్లు, తూకంలో 36 గ్రాములు. మనిషికి కాస్త కునుకు వస్తుంది, అంతే. అదే సారా అయితే, నూటికి 35 పాళ్లే అనుకున్నా, ఆల్కహాలు 400 మిల్లీలీటర్లకు దగ్గర పడుతుంది. తూకంలో 300 గ్రాములు దాటుతుంది. గంటలో అంత పుచ్చుకున్న గుమాస్తా ఆఫీసుకు తిరిగి రాడు, మాలాంటివాళ్ల దగ్గరికి వస్తాడు. వస్తే అదృష్టం.

లెక్క సరదాకే వేశాము గాని, కథకు జరిగిన నష్టం సరదా కాదు. "సారా" అనగానే తెలుగు పాఠకుడి మనసులో ఒక మనిషి రూపు కడతాడు. కూలిడబ్బులు దుకాణంలో పోసి, ఇంటికి వచ్చి భార్యను కొట్టే మనిషి. కథలోని గుమాస్తా అటువంటివాడు కాడు. ఆయన కష్టమంతా జీవితంలో ఏమీ జరగకపోవడమే. ఒక్క మాటతో ఆయన తాగుబోతు అయిపోయాడు. చివర ఆయన భార్య పుట్టింటికి వెళ్లిపోతే, మూలం చదివినవారు ఉలిక్కిపడతారు, తెలుగులో చదివినవారు "వెళ్లదూ మరి!" అంటారు. కథ మలుపే చెడిపోయింది.

ఇంతకూ తేడా ఎక్కడున్నది? చక్కెర ఉన్న ద్రవంలో ఈస్టు చేరితే పులుస్తుంది, ఆల్కహాలు పుడుతుంది. పులిసినదాన్ని అలాగే తాగితే అది కల్లు జాతి. దాన్నే బట్టీ మీద కాచి, ఆవిరిని చల్లార్చి, బొట్టుబొట్టుగా దింపుకుంటే సారా జాతి. ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీరు 100 దగ్గర. ఈ ఎడం మీదనే బట్టీ బతుకుతున్నది. పులియబెట్టడానికి ఒక హద్దుంది. ఆల్కహాలు నూటికి 15 పాళ్ల దాపుకు వచ్చేసరికి ఈస్టు చాలావరకు తన మత్తుకు తానే చస్తుంది. కల్లు 4, 5 పాళ్లలో ఉంటుంది, బీరు ఇంచుమించు అక్కడే, ద్రాక్షతో చేసే వైను 12, 13. బట్టీకి ఆ హద్దు లేదు. కనుక పుట్టుకను బట్టి చూస్తే బీరూ వైనూ కల్లుకు చుట్టాలు. బ్రాందీ, విస్కీ, రమ్ము, మన ఇప్పసారా, గుడుంబా ఒక ఇంటివి.

మాటలు కూడా ఈ సంగతే చెబుతాయి. కల్లు అచ్చమైన ద్రావిడ పదం. తమిళంలో కళ్, కన్నడంలో కళ్ళు, మలయాళంలో కళ్ళ్. చెట్టు నుంచి దింపి అలాగే తాగే వస్తువుకు నాలుగు భాషలవాళ్లం ఒకే మాట పంచుకున్నాము. సారాకు ఇంగ్లీషువాడు వాడే అరక్కు అనే మాట మనం ఇప్పుడు కాపురముంటున్న ఈ అరబ్బుల భాషది. "అరఖ్" అంటే చెమట. బట్టీ మూతకు చెమట పట్టినట్టు చుక్కలు కట్టడం చూసి పెట్టిన పేరు అది.

ద్రాక్ష విషయంలోనూ మన అనువాదకులు నిలకడగా లేరు. వైను కనబడితే చాలు "ద్రాక్షసారా" అని రాసేవారు కొందరు. తెలుగు బైబిలు మరో దారి పట్టి "ద్రాక్షారసము" అన్నది. మొదటిది మత్తును అవసరానికి మించి పెంచింది. రెండోదానిలో మత్తు జాడే లేదు. కానా ఊరి పెళ్లి విందులో జనం పళ్లరసం తాగారని అనుకుంటూ పెరిగిన పిల్లలున్నారు. అందులోనే మత్తుపానీయానికి "మద్యము" అని మరో మాట ఉంది. దాని వెనకనున్న హీబ్రూ మాట "షేఖార్" బార్లీ బీరు కావచ్చునని చాలామంది పండితుల ఊహ. సంస్కృతంలో ఈ చిక్కు లేదు. ధాన్యంతో పులియబెట్టినది సుర. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని విడివిడిగా పేర్లు పెట్టి దినుసులు కూడా చెప్పాడు. అక్కడ మధువంటే ద్రాక్షది. మన పద్యకవులు వీటన్నిటినీ పర్యాయపదాలు చేసి, గణానికి ఏది సరిపోతే అది వాడుకున్నారు. అలా చెరిగిపోయిన గీతలు మళ్లీ దిద్దుకోవడం కష్టమే.

అలాగైతే బీరును కల్లు అనేద్దామా అంటే, మేము వద్దనే అంటాము. చుట్టరికం ఉన్నంత మాత్రాన ఇద్దరూ ఒకరు కారు. తాటికల్లులో చక్కెర చెట్టే తయారుచేసి పెడుతుంది. లొట్టిలో పడ్డ క్షణం నుంచి గాలిలోని, కుండలోని ఈస్టు పని మొదలుపెడుతుంది. లొట్టికి సున్నం పూసి పులుపు ఆపితే అది నీరా. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. అక్కడ గ్లాసులో పోసేది అదే. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడి తాగడానికి పనికిరాదు. అందుకే కల్లుకు వేళ ఉంటుంది, చెట్టు ఉంటుంది. ఈతకల్లు వేరు, పోతుతాటి కల్లు వేరు, ఏజెన్సీలో జీలుగు కల్లు వేరు. ఫలానా చెట్టు కల్లు అని అడిగి మరీ తాగేవాళ్లను మనం ఎరుగుదుము.

బార్లీ గింజలో ఉన్నది పిండి. దాన్ని నానబెట్టి మొలకెత్తించి ఎండబెడితేనే (దాన్నే మాల్టు అంటారు) పిండి చక్కెరగా మారడానికి వీలవుతుంది. తరువాత ఉడికించాలి, చేదుకూ నిలవకూ హాప్స్ వేయాలి, అప్పుడు ఈస్టు కలపాలి. సీసాలో నెలల తరబడి ఆగుతుంది, ఓడలెక్కుతుంది, దుబాయికి వస్తుంది. కల్లు చెట్టు నీడ దాటి ఎంతో దూరం పోలేదు. అందుకని కథలో కల్లు వచ్చిందంటే ఒక ఊరూ ఒక పొద్దూ వచ్చినట్టే. బీరు వస్తే అవేవీ రావు.

తమ బీరు విషయంలో ఇంగ్లీషువాళ్లే తికమకపడ్డారు. పదిహేనో శతాబ్దంలో హాప్స్ లేనిది "ఏల్", సముద్రం అవతలి నుంచి వచ్చిన హాప్స్ వేసినది "బీర్". రెంటినీ చేసేవాళ్లు కూడా వేరువేరు. తరువాత ఏల్‌లోనూ హాప్స్ పడ్డాయి, ఆ తేడా పోయింది. ఇవాళ ఏల్ అంటే వెచ్చగా, పైకి తేలే ఈస్టుతో పులిసేది. చల్లగా, అడుగున చేరే ఈస్టుతో నెమ్మదిగా పులిసేది లాగర్. బీరన్నది రెంటికీ ఉమ్మడి పేరు. ఆ కథలోనూ ఏల్ అన్న మాట ఒకచోట ఉంది. అనువాదకులు దాన్నీ సారాయే చేశారు.

మాట మారితే మనిషి మీద అనుమానం ఎలా పడుతుందో చూడాలంటే ఇక్కడి సూపర్‌మార్కెట్టు చాలు. మాల్టు పానీయాల సీసాల మీద కొన్నిటికి అరబ్బీలో "షరాబ్ షయీర్" అని ఉంటుంది. షయీర్ అంటే బార్లీ. షరాబ్ అంటే అరబ్బీలో తాగేది ఏదైనా సరే. మేము పిల్లలకు రాసిచ్చే దగ్గు సిరప్ సీసా మీద ఉండేదీ ఆ మాటే. సిరప్, షర్బత్ రెండూ ఆ ధాతువు నుంచి పుట్టినవే. అదే మాట ఉర్దూలోకి, హిందీలోకి వచ్చి మత్తుపానీయమై స్థిరపడింది. హైదరాబాదు చెవికి "బార్లీ శరాబ్" అని వినిపిస్తే అది బీరే. మద్యనిషేధం ఉన్న షార్జాలో కాపురముంటూ, ఫ్రిజ్‌లో ఆ సీసా చూసి ఊరినుంచి వచ్చిన అత్తగారు అల్లుణ్ణి అనుమానిస్తే ఆమె తప్పేమీ లేదు. తప్పల్లా మాట చేసిన ప్రయాణంలో ఉంది.

ఇక మన సొంత కథల సంగతి. గల్ఫు జీవితం మీద మనవాళ్లు రాస్తున్న కథల్లో ఒక వరస మేము గమనించాము. ఇంజనీరు గారు బాల్కనీలో కూర్చుంటే చేతిలో బీరు. ఊళ్లో ఉన్న ఆయన తండ్రి చేతిలో కల్లు. కార్మికుల క్యాంపులో ఉన్నవాడి చేతిలో సారా. ఈ దేశంలో సారా అమ్మే దుకాణం ఎక్కడున్నదో ఆ రచయితలు చెప్పాలి! అక్కడ సారా అన్నమాట వస్తువును చెప్పడానికి రాలేదు, మనిషి అంతస్తు చెప్పడానికి వచ్చింది. ఇంజనీరు గారు ఇండియా వెళ్లినప్పుడు తాగే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 పాళ్లది అయితే, అందులో 41 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులు నాలుగింటికి అది సమానం. "మావారు బీరే తీసుకుంటారండీ" అనే మాట మా ఆస్పత్రి గదిలో తరచు వింటుంటాము. కాలేయానికి సీసా మీది పేరు చదవడం రాదు.

ఈ మాటలు సరిగ్గా వాడినవాళ్లూ ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు లేచినప్పుడు వాళ్లు పట్టుకున్నది ఒకే మాట, సారా. అక్షరదీపం తరగతుల్లో చదివిన పాఠం నుంచి దుకాణాల వేలంపాట దాకా ఆ మాట వదలలేదు. అంతకు ముందు 1980లలో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి ఆ పథకానికి "వారుణి వాహిని" అని పేరు పెట్టింది. పాలసముద్రంలో పుట్టిన వారుణి పేరు ప్లాస్టిక్ ప్యాకెట్టుకు! ఆ సంస్కృతాన్ని రోశమ్మగారు, ఆమె తోటివారు పట్టించుకోలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. నిషేధించింది సారానే గనుక బ్రాందీ, బీరు దుకాణాల్లో నిలిచాయి. వాటి వంతు 1995 జనవరి 16న వచ్చి, 1997లో సడలిపోయింది. ఒక మాట పరిధి ఎంతో తెలియడానికి ఆ పదహారు నెలలు చూస్తే చాలు.

మాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది మరొకటి. నిజామాబాద్, జగిత్యాల వైపునుంచి వచ్చిన కార్మికుడు ఇక్కడ దిగిన రెండుమూడు రోజులకే ఫిట్స్‌తో ఆస్పత్రిలో చేరాడనుకుందాం. తాగుడు అలవాటుందా అని అడిగితే "కల్లు" అంటాడు. పక్కనున్న మలయాళీ నర్సుకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది, ఆమెదీ అదే మాట గనుక. అరబ్బు డాక్టరుకు అర్థం కావాలని ఎవరో "బీరులాంటిది" అని చెబుతారు. కాగితం మీద బీరు అని పడుతుంది. బీరు మానితే ఇంత తొందరగా, ఇంత గట్టిగా ఫిట్స్ వస్తాయా అని డాక్టరు తలకు స్కాను తీయిస్తాడు. వాళ్ల ఊళ్లో కల్లు కాంపౌండులో ఆ పేరుతో అమ్మినదానిలో చెట్టు కల్లు తక్కువ, క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, అల్ప్రజోలామ్ వంటి మందులు ఎక్కువ అయి ఉండవచ్చు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆస్పత్రులకు జనం ఫిట్స్‌తో, మతిభ్రమతో వచ్చి పడ్డారు. ఆ కల్లు మానినవాడికి కావలసిన చికిత్స వేరు, ఆ జాగ్రత్త వేరు. "బీరులాంటిది" అన్న మాట ఆ దారి మూసేస్తుంది. కల్లును కల్లుగానే రాసి, "ఏ చెట్టుది నాయనా, ఎక్కడ తాగేవాడివి?" అని ఇంకొక్క ప్రశ్న అడిగితే సంగతి బయటపడుతుంది. మన సంఘంలో ఆస్పత్రులకు దుబాసీలుగా వెళ్లే సోదరసోదరీమణులు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మాకు ఎంతో సాయం.

కథ దగ్గరికి వస్తే, మా సూచన చిన్నదే. బీరును బీరనే రాయండి. ఆ మాట తెలియని తెలుగువాడు లేడు. కొందరు పండితులు సూచించే "యవసుర" అర్థానికి సరిపోతుంది గాని, లండను గుమాస్తాను ఇంద్రసభలో కూర్చోబెడుతుంది. ఏల్ అని ఉన్నచోట ఏల్ అనే ఉంచి, పానశాల వర్ణనలో ఒక విశేషణం చేరిస్తే పాఠకుడే గ్రహించుకుంటాడు. రెండో పేజీలో "హాప్స్ ఆకుల చేదు" అని కూడా పడింది. అవి ఆకులు కావు, తీగకు కాసే ఆడపువ్వుల గుత్తులు. "హాప్స్ పూల చేదు" అంటే వాక్యం తూగు కూడా చెడదు.