డిష్ తిప్పే చేయి

ఆత్మకూరు దగ్గరే జూరాల నీళ్లు. వాటి మీదుగా పది కిలోమీటర్లు తీగ లేకుండా ఇంటర్నెట్ పంపాలంటే అవతలి టవర్ కంటికి కనబడితే చాలదు. 5.8 గిగాహెర్ట్జ్ లింకుకు నడిమధ్యన, సూటిగీత చుట్టూ సుమారు 11 మీటర్ల జాగా కావాలి. అందులో అరవై శాతమైనా ఖాళీగా ఉండాలి. నీటిని తాకి వచ్చిన తరంగం అసలుదానితో తగువు పెట్టుకుంటుంది, అది వేరే తలనొప్పి.

బెల్టు బిగించుకుని టవరెక్కినవాడు డిష్‌ను వెంట్రుకవాసి జరిపి ఆగుతాడు. "అన్నా, ఎంతొస్తున్నది?"

"మైనస్ డెబ్బై."

ఇంకాస్త.

"అరవై రెండు!"

మైనస్ పక్కన అంకె తగ్గితే సిగ్నల్ బలం పెరిగినట్టు. డిష్ అసలు కిరణం కాక పక్క కిరణం చిక్కగానే సంబరపడి బిగించేసేవాడు కొత్తవాడు. చేయి తిరిగినవాడు సిగ్నల్ రెండువైపులా పడిపోయేదాకా తిప్పి చూసి, అసలు శిఖరానికి వెనక్కి తెస్తాడు.

తీగలేని ఇంటర్నెట్ ప్రమాణాలదేముంది, వస్తుంటాయి, పోతుంటాయి! 802.16 వచ్చింది, వైమాక్స్ అన్నారు. 2010లో మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్ వేలం వేశారు. చివరికి ఎల్‌టీఈ నిలిచింది. నాకు ముచ్చటేసేది మాత్రం స్పానర్ పనే. బోల్టు బిగిస్తుంటే డిష్ మళ్లీ కదులుతుంది. అందుకే ఒక్క బోల్టునే గట్టిగా తిప్పరు, మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగిస్తూ, అంకె కదలలేదు కదా అని కిందికి అడుగుతూనే ఉంటారు.