ఉపన్యాససభలు – శ్రోతల పాలు

మన తెలుగునాట ఉపన్యాసములకు కొదువ లేదు. సాహిత్యసభలు, విజ్ఞానసభలు, స్త్రీల యభ్యుదయమును గూర్చిన సభలు, జయంతులు, వర్ధంతులు – వీనిలో నేదో యొకటి జరుగని వారము పెద్దపట్టణములలో నుండదు. అయినను సభనుండి యింటికి వచ్చిన యిల్లాలిని "నేడేమి వింటివి?" అని యడిగినచో, "చాల బాగుగా మాటలాడినారు" అని చెప్పుటయే గాని, ఏమి మాటలాడినారో చెప్పగలుగుట యరుదు. ఇది యామె శ్రద్ధాలోపమని తలచువారితో మే మేకీభవింపజాలము. ఇంటిల్లిపాదికి వడ్డించి, గిన్నెలు కడిగి, పిల్లలను పొరుగింట నప్పగించి వచ్చి రెండుగంటలు కదలక కూర్చున్న మనిషికి శ్రద్ధ లేదనుట యన్యాయము. లోపము సభలోనే యున్నది. అది యెట్టిదో విమర్శించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదట కాలము లెక్క చూతము. ఆఱుగంటలకని ప్రకటించిన సభ యాఱున్నరకు గాని మొదలు కాదు. ప్రార్థనాగీతము, జ్యోతిప్రజ్వలనము, అతిథుల నొక్కొక్కరినే వేదికమీదికి పిలుచుట, పుష్పగుచ్ఛము, శాలువ, జ్ఞాపిక, అధ్యక్షుని తొలిపలుకులు, వక్తను గూర్చిన పరిచయము – ఇవి ముగియునప్పటికి ఏడుంబావు దాటును. "సమయాభావముచేత క్లుప్తముగా" అనుచు వక్త మొదలిడును. ఆయన ముగించిన పిమ్మట విశిష్టాతిథులు, గౌరవాతిథులు, ఆత్మీయాతిథులు వరుసగా లేతురు. (ఈ మూడు తెగల తారతమ్యము మాకిప్పటికిని బోధపడలేదు.) "ఇక శ్రోతలు ప్రశ్నలడుగవచ్చును" అనునప్పటికి హాలు కావలివాడు దీపము లార్పుటకు మీటకడ నిలిచియుండును. సభ మూడుగంటలు జరిగినను అసలు విషయమునకు దక్కినది నలువదినిమిషములు. శ్రోతకు దక్కినది సున్న.

ఇది పురాణకాలక్షేపపు అలవాటనియు, మనవారు భక్తితో వినుటయే గాని యడుగుట నేర్వలేదనియు కొందఱందురు. మే మీ మాట నొప్పుకొనము. జనమేజయు డడుగకున్న వైశంపాయనుడు భారతమును చెప్పడు. పరీక్షిత్తు ప్రశ్నింపకున్న శుకుడు భాగవతమును విప్పడు. మన పురాణములలో పెక్కు శౌనకాదుల ప్రశ్నలతోనే మొదలగుచున్నవి. కథ నడుమ "అదెట్లు జరిగెను?" అని మరల మరల నడుగువారు లేకున్న సూతుడు ముందుకు సాగడు. కాబట్టి ప్రశ్న మన సంప్రదాయమునకు క్రొత్త గాదు. ప్రశ్నను తీసివేసి శ్రోతను చప్పట్లకు పరిమితము చేయుటయే క్రొత్త.

ఆధునికార్థమున ఉపన్యాసము మనకు పందొమ్మిదవ శతాబ్దపు టుత్తరార్ధమున నలవడినది. అందు వీరేశలింగము పంతులుగారి స్థానము మన మెఱుగనిది కాదు. 1879లో రాజమహేంద్రవరమున వితంతువివాహము శాస్త్రీయమని వారు బహిరంగముగా నుపన్యసించిరి. పండితు లాక్షేపించిరి, అదే సంవత్సరమున వారు మరల లేచి యాక్షేపణలకు సమాధానములు చెప్పిరి. 1881 డిసెంబరు 11న మొదటి వితంతువివాహము జరిగినది. సంఘబహిష్కారమువలన వంటవారును నీళ్లవారును మానివేయగా రాజ్యలక్ష్మమ్మగారు తామే నీళ్లు మోసి వంటచేసి పెండ్లివారికి పెట్టిరి. ఆ యుపన్యాసముల విలువ వాని భాషలో గాని, శాస్త్రప్రమాణములలో గాని లేదని మేమనము. కాని వేదికమీది మాట రెండేండ్లలో ఇంటి వంటగదిలోనికి వచ్చి, పలికినవారి చేతనే పని చేయించినది. నేటి యుపన్యాసకులలో ఎందఱికి తమ మాటవలన నింటిలో నొక్క చెంబెడు నీళ్లైనను తక్కువైనవి?

అయితే ఆ చర్చలో నొక వెలితి కలదు. ఎవరి బ్రతుకును గూర్చి వాదము జరిగెనో వారా వాదమున పాల్గొనలేదు. ఆక్షేపించినవారు పురుషులే, సమాధానము చెప్పినవారును పురుషులే. ఈ వెలితిని పూరించుటకు మఱి యిరువదేండ్లు పట్టినది. 1902లో భండారు అచ్చమాంబగారు ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి బందరున బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహిళాసభకు కొటికలపూడి సీతమ్మగా రధ్యక్షత వహించిరి. స్త్రీ సభలో లేచి నిలుచుటయే యనుచితమని యెంచు కాలమున వీరు స్త్రీలను కూర్చుండబెట్టి మాటలాడిరి, వారిచే మాటలాడించిరి. ఈ రెండవ పని మొదటిదానికంటె కష్టమైనది. దానినే మనము మఱచితిమి.

హైదరాబాదు కథ యింతకంటె చిత్రమైనది. 1921 నవంబరులో అచ్చటి వివేకవర్ధనీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగినది. అధ్యక్షులు ధోండో కేశవ కర్వే పండితులు. వారు తాము వితంతువును వివాహమాడి, 1916లో స్త్రీలకై విశ్వవిద్యాలయము స్థాపించిన మహాశయులు. ఆంగ్లమునను, ఉర్దూలోను, మరాఠీలోను ఉపన్యాసములు నడచినవి; సభ్యులు శ్రద్ధతో వినిరి. ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మొదలిడగానే సభలో కొందఱు గోలచేసి, ఎగతాళిగా చప్పట్లు చఱచి వారి ప్రసంగమును సాగనీయలేదు. సంస్కారము కొఱకు కూడిన సభ, స్త్రీవిద్యకు జీవితము ధారవోసిన యధ్యక్షుడు, రాజ్యములో నత్యధికసంఖ్యాకుల భాష – ఆ భాషకే యా సభలో చోటు లేకపోయెను! ఆ రాత్రియే కొందఱు తెలుగువారు టేకుమాల రంగారావుగారి యింట జేరి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. దానినుండియే ఆంధ్రమహాసభ పెరిగినది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగా రధ్యక్షులుగా మొదటి మహాసభ జరిగినప్పుడు, దానితోబాటు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగినది. సభ పెట్టవలెనన్న ముందుగా సర్కారువారి యనుమతి పొందవలసిన రాజ్యమది. అట్టిచోట స్త్రీలు తెలుగున సభ జరుపుకొనుట యెంత సాహసమో, మైకు సులభముగా దొరకు నీ దినములలో నూహించుట కష్టము.

నేడు తెలుగును చూచి చప్పట్లు చఱచువారు లేరు. ఆ పనిని వక్తలే తమకు తాము చేసికొనుచున్నారు. విజ్ఞానోపన్యాసములలో నిది మఱియు నెక్కువ. తెలుగుక్రియల నడుమ ఆంగ్లనామములను గ్రుచ్చి, "దీనికి తెలుగులో మాట లేదండీ" అని నవ్వి ముందుకు బోవుదురు. మాట లేకపోవుట నిజమైనచో, వస్తువును చూపవచ్చును గదా! శాస్త్రోపన్యాసమునకు ప్రాణము మాటకంటె చూపులో నున్నది. దీనికి మైకేల్ ఫారడే కంటె మంచి యుదాహరణము మాకు దొరకలేదు. ఆయన బడిచదువు స్వల్పము. లండనులో పుస్తకములు జిల్దుకట్టు పనినేర్చుకొనుచుండినవాడు. దుకాణమునకు వచ్చు నొకాయన యిచ్చిన టిక్కెట్లతో 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషనున హంఫ్రీ డేవీ యుపన్యాసములు విని, వానిని వ్రాసికొని, తన చేతితో జిల్దుకట్టి డేవీకి పంపెను. శ్రోతగా వచ్చినవాడు మఱుసటి యేడే యా సంస్థలో నుద్యోగియై, 1825లో అచ్చటనే శుక్రవారపు ప్రసంగములను, బాలురకు క్రిస్మసు ఉపన్యాసములను నెలకొల్పెను. అంతకుముందే డేవీ యుపన్యాసములు వినిన జేన్ మార్సెట్ అను నామె 1806లో రసాయనశాస్త్రమును సంభాషణరూపమున వ్రాసి ప్రకటించెను. ఫారడే జిల్దుకట్టుచు చదివి ముచ్చటపడిన గ్రంథములలో నది యొకటి. స్త్రీ సభలో వినినది పుస్తకమై, ఆ పుస్తక మొక పనివానిని శాస్త్రజ్ఞుని చేయుటకు తోడ్పడినది. సభాఫలము లెక్కకట్టువారు దీనిని గమనింపవలెను.

ఫారడే 1860–61 శీతకాలమున పిల్లలకు ఆఱుపన్యాసము లిచ్చెను. విషయము: క్రొవ్వొత్తి. అంతకంటె సామాన్యవస్తు వేమి కలదు? వెలుగుచున్న వత్తిపై చల్లని పాత్రను పట్టి మంటనుండి నీరు పుట్టుటను చూపెను. మంటనుండి వచ్చు వాయువు సున్నపుతేటను తెల్లబఱచుటను చూపి, మనుష్యుని యూపిరియు నట్లే తెల్లబఱచునని చూపి, దీపము మండుటయు మనము శ్వాసించుటయు నొక్క తెగ పనులే యని నిరూపించెను. ఇంత గొప్ప సిద్ధాంతమునకు సాధనము లేవి? వత్తి, గిన్నె, సున్నము. మన యిండ్లలో నివి లేవా? చలికాలమున తోడు వేసిన పాలు ఆలస్యముగా పేరుకొనుటయు, వేసవిలో త్వరగా పులియుటయు నెఱుగని తెలుగుటిల్లాలు లేదు. ఆ తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆమ్లముగా మార్చుననియు, వాని పనికి తగిన వెచ్చదనము కావలెననియు ఒక్క పెరుగుగిన్నె ముందుంచుకొని చెప్పవచ్చును. కుక్కరులో ఆవిరియొత్తిడివలన నీరు 100 డిగ్రీలకు గాక దాదాపు 120 డిగ్రీలకు మరుగుననియు, అందుచేతనే పప్పు త్వరగా నుడుకుననియు చెప్పుటకు పెద్ద ప్రయోగశాల యేల? జనవిజ్ఞానవేదికవారు గ్రామములలో బాబాల మహిమల గుట్టును చేసి చూపి విప్పుటలో నీ మార్గమునే పట్టిరి. అందుచేతనే యవి పల్లెలలో జ్ఞాపకముండుచున్నవి. విశ్వవిద్యాలయములనుండి వచ్చు పండితులు మాత్రము తెరమీద నక్షరములు చూపి, వానినే చదివి వినిపించి పోవుచున్నారు.

ఇక స్త్రీజీవనమును గూర్చిన యుపన్యాసములు. ఇవి మార్చి 8వ తేదీ చుట్టును గుంపుగా జరిగి, తక్కిన పదునొకండు నెలలు కనబడవు. స్త్రీ శక్తి యనియు, ఓర్పునకు భూదేవి యనియు, ఆమె లేక సృష్టి లేదనియు పొగడుదురు. పొగడ్తవలన శ్రోతకు కలుగునది క్షణికమైన సంతోషమే. 1928 అక్టోబరులో వర్జీనియా వుల్ఫ్ కేంబ్రిడ్జిలోని న్యూనమ్, గిర్టన్ స్త్రీకళాశాలలలో "స్త్రీలు–కల్పనాసాహిత్యము" అను విషయముపై మాటలాడెను. (ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పూర్తిపట్టములిచ్చుట 1948 వఱకు జరుగలేదు.) మఱుసటి సంవత్సరము గ్రంథరూపమున వచ్చిన యా ప్రసంగములలో ఆమె స్త్రీ ప్రతిభను పొగడక, లెక్క చెప్పినది: ఏటికి 500 పౌనుల యాదాయము, గడియ వేసికొనదగిన గది. ఈ రెండును లేక వ్రాత సాగదన్నది. ఆమె వాదమున ధనికవర్గపు చూపు కలదని మేమును తలతుము. కూలిచేసికొను స్త్రీకి గదియు, గడియయు మాట యెట్లున్నను, పగలు పనియైన పిమ్మట మిగులు కాలమే లేదు. అయినను లెక్కతో మొదలిడుటయే యామె ప్రసంగమును నిలిపినది.

మన సభలలో నట్టి లెక్క లేమి చెప్పవచ్చును? ఉదాహరణమునకు ఆస్తిహక్కు. 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించునట్లు ఆంధ్రప్రదేశమున చేయబడిన సవరణచట్టము, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడికుటుంబాస్తిలో కుమారులతో సమానమైన హక్కు నిచ్చినది. 2005లో కేంద్రచట్టము సవరింపబడి, ఆ హక్కు దేశమంతటను వివాహితలకును గలిగినది. ఈ సంగతి యెంద ఱిల్లాండ్రకు తెలియును? తెలిసినను, పుట్టింట సంతకము పెట్టుమని కాగితము ముందుంచినప్పుడు అన్నదమ్ములతో నేమనవలెనో ఎవరు చెప్పిరి? చట్టమును చెప్పుట సులభము. పండుగనాడు పుట్టింటి గడపలో నిలిచి హక్కు మాట యెత్తుట యెంత కష్టమో, దానివలన రాకపోకలు తెగునను భయ మెట్టిదో చర్చించినగాని యుపన్యాసము పూర్తి కాదు. ఆ చర్చకు వేదిక పనికిరాదు. శ్రోతలు తమ మాట తాము చెప్పుకొనవలెను.

అట్లు చెప్పుకొన్నచో నేమి జరుగునో నెల్లూరుజిల్లా చూపినది. 1990ల తొలినాళ్లలో అచ్చట అక్షరాస్యతోద్యమము నడచినప్పుడు, రాత్రిబడికి వచ్చిన స్త్రీలు సారాయివలన చెడిన సంసారము కథను వాచకమున చదివిరి. చదివి యూరకుండక, అది తమ కథయే యని మాటలాడుకొనిరి. దూబగుంట స్త్రీలు వర్ధినేని రోశమ్మ ముందు నడువగా తమ యూర సారాయి నాపిరి. ఆ కదలిక జిల్లాలు దాటి వ్యాపించి, 1993 అక్టోబరున రాష్ట్రమున సారాయి నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చినది. 1997లో దానిని సడలించిరి. అది వేఱు కథ. ఇచ్చట మేము చెప్పదలచినది, ఆ రాత్రిబడిలో శాలువ కప్పించుకొన్నవారు లేరు, గౌరవాతిథియు లేడు. పాఠము చిన్నది, పిమ్మటి మాటలు పెద్దవి.

ఇప్పుడు ఉపన్యాసములను ఫోనులోనే వినవచ్చుననియు, సభలకు పోనక్కఱలేదనియు నొక వాదము వినవచ్చుచున్నది. మంచము దిగలేని వృద్ధురాలికిని, విదేశమున బిడ్డయింట నున్న తల్లికిని అది వరమే; దానిని మేము కాదనము. కాని ముద్రితోపన్యాసమును నడుమ నాపి "ఇది మా యింట నట్లు జరుగలేదే" యన్నచో వక్త వినడు. పదిమందిలో నొకతె లేచి యడిగినప్పుడు, నాకును నదే సందేహము కలదని తెలిసికొను ధైర్యము ప్రక్కకుర్చీలోని యామెకు ఫోనువలన రాదు. అయితే ప్రశ్నకు చోటీయని సభయు ముద్రితోపన్యాసమును నొక్కటే. రెండవదానికి ఆటోఛార్జీ యైనను మిగులును.

సభలు జరుపువారికి మేము చెప్పదగినవి కొన్ని కలవు. సాయంకాల మాఱుగంటలు వంటవేళ. స్త్రీలు రావలెనన్న మధ్యాహ్నము రెండున్నరకు సభ పెట్టవలెను, ఐదింటికి విడువవలెను. వక్త కొకగంట, ప్రశ్నల కొకగంట యని ప్రకటనలోనే యచ్చువేయవలెను. అధ్యక్షుడు తనవంతు మాటలను ప్రశ్నలు ముగిసిన పిమ్మటనే చెప్పవలెను. అప్పటికి కాలము లేకున్న చెప్పకుండుటయు మంచిదే. లేచి యడుగ బిడియపడువారికి చీటీలీయవలెను. పేరు వ్రాయుమని నిర్బంధింపరాదు. వచ్చిన చీటీలను నిర్వాహకులు లోలోపల నేఱివేయక పైకి చదువవలెను. చంటిపిల్లల తల్లులకు హాలుప్రక్క నొక గదిని విడిచి, అందు చాపలు పఱచి, పిల్లలను చూచుకొను పనికి సభకు వచ్చిన పురుషులే గంటకిద్దఱు చొప్పున వంతులు వేసికొనవలెను.