అడవి దారి సైకిలుకు టైరే ప్రాణం

2024 పారిస్ ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ పందెంలో టామ్ పిడ్‌కాక్ చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఎలాంకూర్ గుట్ట మీద పందెం మంచి ఊపులో ఉండగా అతని ముందు టైరు పంక్చరయింది. చక్రం మార్చుకుని మళ్ళీ దారిలో పడేసరికి ముందున్నవాళ్ళు అరనిమిషానికి పైగా దూరం పోయారు. ఇంకొకరైతే చేతులెత్తేసేవారు. పిడ్‌కాక్ ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి, చివరి ల్యాపులో చెట్ల నడుమ ఇరుకు దారిలో ఫ్రాన్స్ ఆటగాడు విక్టర్ కొరెట్జ్కీని వెనక్కి నెట్టి స్వర్ణం పట్టుకుపోయాడు. అంతటి మొనగాణ్ణి కూడా నిలబెట్టేసింది ఒక్క టైరు!

మన నేల మీద ఆ టైరుకు పరీక్ష ఇంకా గట్టిది. ఖమ్మం చుట్టూ నల్లరేగడి, చెలకల్లో ఎర్రమట్టి, పాల్వంచ దాటితే మొరం, రాళ్ళు, భద్రాచలం దగ్గర గోదావరి ఇసుక. రేగడి తడిస్తే టైరుకూ ఫ్రేముకూ మధ్య పేరుకుని చక్రాన్ని తిరగనివ్వదు. ఎండాకాలం రాలిన టేకాకుల కింద రాయుందో గుంతుందో తెలియదు. ఇక ముళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. సర్కారు తుమ్మ, రేగు, అన్నిటికీ మించి పల్లేరు. పల్లేరుకాయ ఎలా పడినా దాని ముల్లొకటి పైకే చూస్తుంటుంది.

ఈ మౌంటెన్ బైక్ పుట్టింది కాలిఫోర్నియాలో. 1976లో మౌంట్ టామల్‌పైస్ దగ్గర కొందరు కుర్రాళ్ళు పాత బెలూన్ టైర్ల సైకిళ్ళ మీద కొండ దిగుతూ పందేలు వేసుకున్నారు. ఒక్కసారి దిగితే బ్రేకు వేడికి వెనక హబ్బులో గ్రీజంతా పొగైపోయేది. మరుసటి ఏడాది జో బ్రీజ్ ఆ దారుల కోసమే ఫ్రేము కట్టాడు. 1996 అట్లాంటాలో ఇది ఒలింపిక్ క్రీడయింది.

కొనేటప్పుడు మన పిల్లలు ముందు రంగు చూస్తారు, తర్వాత గేర్లు లెక్కపెడతారు. చూడాల్సింది టైరు. 2.2 నుంచి 2.4 అంగుళాల వెడల్పుంటే మన మొరానికీ ఇసుకకూ సరిపోతుంది. వానాకాలం రేగడిలో తిరిగేవాళ్ళకు కాస్త సన్నటిది, గుబ్బలు ఎడంగా ఉన్నది మేలు. మట్టి దానంతటదే రాలిపోతుంది. ముందు టైరుకు లోతైన గుబ్బలుండాలి, వెనకదానికి పొట్టివి, దగ్గరదగ్గరగా ఉన్నవి చాలు. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు. ముందుది జారిందా, నేల కరవాల్సిందే.

తర్వాత గాలి. రాయిలా గట్టిపడేదాకా కొట్టడం మన షాపుల అలవాటు. బియ్యం బస్తా మోసే సైకిలుకు అది సరే. గుట్టదారిలో అలాంటి టైరు ప్రతి రాయి మీదా ఎగిరిపడి పట్టు వదిలేస్తుంది. ట్యూబ్‌లెస్ అయితే అరవై, డెబ్బై కిలోల మనిషికి ముందు 20-22, వెనక 23-25 పీఎస్ఐ చాలు. ట్యూబుంటే అంత తగ్గించకూడదు. రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ముళ్ళ నేలలో ట్యూబ్‌లెస్‌కు సాటి లేదు. ముల్లు దిగిన చోటికి లోపలి సీలెంట్ ఉరికొచ్చి, గడ్డకట్టి చిల్లు పూడ్చేస్తుంది. ఆగి చూస్తే టైరు మీద ఒక తెల్లచుక్క, అంతే! కాకపోతే 45 డిగ్రీలు దాటే భద్రాచలం ఎండల్లో ఆ ద్రవం తొందరగా ఎండిపోతుంది. రెండు నెలలకోసారి చూసుకోవాలి.

గేర్లకు పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ముందు 32 పళ్ళ చక్రం ఒకటి, వెనక పెద్దది 50 పళ్ళ దాకా ఉంటే ఎంత నిట్టగుట్టయినా కూర్చునే ఎక్కొచ్చు. చైనుకు వాడేసిన ఇంజనాయిలు పోయొద్దు. ఎర్రదుమ్మంతా దానికే అంటుకుని పళ్ళను అరగదీస్తుంది. హెల్మెట్, చేతి తొడుగులు, పంపు, మూడు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఎలుగుబంట్లు తిరుగుతాయి, ఆ వేళ వద్దు. కిన్నెరసాని అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అసలే వద్దు.

ఎంత మంచి టైరైనా వంకర చక్రం మీద దండగే. ఇక్కడే మన పాతతరం సైకిల్ మెకానిక్కులకు దండం పెట్టాలి. మన పెద్ద సైకిలుకు ముందు 32, వెనక 40 చువ్వలు. బరువంతా వెనకే కదా! పాత మెకానిక్కు సైకిలును తలకిందులు చేసి, చక్రం తిప్పి, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుంటాడు. వంకరున్న చోట తెల్లగీత పడుతుంది. అక్కడి చువ్వలను వేలితో మీటి వింటాడు. వదులుగా ఉన్నది బొంగురుగా, బిగిసినది సన్నగా పలుకుతుంది. నిపిలు పావు తిప్పు, ఎదుటి పక్క పావు సడలింపు, మళ్ళీ చక్రం తిప్పడం. కాసేపటికి రిమ్ము ఎక్కడా సుద్దను తాకదు. అంతటి చెవి, అంతటి చెయ్యి ఏ కాలేజీ ఇస్తుంది? ఇప్పుడు ఆ షాపులు ఒక్కొక్కటే మోటారు సైకిలు షెడ్లవుతున్నాయి, నేర్చుకునే పిల్లాడు లేడు.

ఆ ఖాళీలోకి దూరింది నకిలీ సరుకు. లావు టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు, మెరిసే డిస్క్ బ్రేకులు, పైన మౌంటెన్ బైకేనన్నట్టు ఎంటీబీ అన్న స్టిక్కరు! తూకం వేస్తే ఇరవై కిలోలకు అటూ ఇటూ. పెడలు తొక్కిన బలంలో కొంత ఆ వెనక స్ప్రింగే మింగేస్తుంది. నాలుగు గుంతలు దిగితే రిమ్ము వంకర, హబ్బు వదులు. ఆశపడ్డ పిల్లాడు గుట్ట ఎక్కలేక తన కాళ్ళలోనే బలం లేదనుకుంటాడు. ఇది పిల్లల ఉత్సాహాన్ని దోచుకోవడం, ఇంకో మాట లేదు. వెనక స్ప్రింగు లేని హార్డ్‌టెయిల్ మీదే మేటి పందెగాడు నీనో షుర్టర్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచాడు. తర్వాత రియోలో స్వర్ణం సాధించాడు, ప్రపంచ టైటిళ్ళు మొత్తం పది కొట్టాడు. నేటి పందెగాళ్ళు వాడే అసలైన రెండు సస్పెన్షన్ల బండి లక్షల్లో ఉంటుంది. చవకలో అది దొరకదు, దొరికిందంటే మోసమే.

తల్లిదండ్రులారా, ఆ నకిలీ బండికి పెట్టే డబ్బుతో స్ప్రింగే లేని తేలికైన సైకిలు కొని, మిగిలినది టైర్ల మీద పెట్టండి. భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), జిల్లా క్రీడాధికారులు కలిసి మన్యం పిల్లలకు పది మంచి హార్డ్‌టెయిళ్ళు ఇవ్వండి, అడవి అంచున ఏటా ఒక పందెం పెట్టండి. వాగులు, గుట్టలు పుట్టినప్పటి నుంచీ ఎరిగిన కాళ్ళు అవి. మిగిలిన కొద్దిమంది పాత మెకానిక్కుల దగ్గర కుర్రాళ్ళను కూర్చోబెట్టి, గురువులకు నెలజీతమివ్వండి. వాళ్ళ చేతిలో విద్య ఉండగానే ఈ పని జరగాలి.