ముందు ఎండ, తరువాతే యంత్రం

నిలిచి ఉన్న కట్టడాన్ని పడగొట్టకుండా, అందులో సాగే పని ఆగకుండా, అది వాడుకునే విద్యుత్తు తగ్గేలా పైకప్పును, కిటికీలను, దీపాలను, ఫ్యాన్లను, ఏసీలను సరిచేయడాన్నో మార్చడాన్నో రెట్రోఫిటింగ్ అంటారు. కొత్త భవనం కట్టే విద్యకున్న గౌరవం దీనికి ఇంకా దక్కలేదు. అయినా ప్రభుత్వ కార్యాలయాలకు, బడులకు, ఆసుపత్రులకు దీని అవసరం చాలా ఉంది. 2007లో వెలువడిన ఇంధన పొదుపు భవన నియమావళి ప్రధానంగా కొత్తగా కట్టే పెద్ద వాణిజ్య భవనాలను ఉద్దేశించినది కావడంతో, అంతకు ముందు వెలిసిన ప్రభుత్వ భవనాల బాగు చాలావరకు వాటిని చూసుకునే శాఖల చొరవకే మిగిలిపోయింది.

ఈ విద్యలో మొదటి మెట్టు కొలత. ఏ గదిలో, ఏ వేళ, ఏ పరికరం ఎంత విద్యుత్తు వాడుతున్నదో పరిశీలించి లెక్క తేల్చడాన్ని ఇంధన ఆడిట్ అంటారు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం దీనికి చట్టబద్ధమైన స్థానం కల్పించింది. ఏడాదిలో వాడిన యూనిట్లను భవన వైశాల్యంతో భాగిస్తే ఒక చదరపు మీటరుకు ఎంత ఖర్చవుతున్నదో తెలుస్తుంది. కార్యాలయ భవనాలకు ఇంధన సామర్థ్య బ్యూరో ఇచ్చే నక్షత్రాల గుర్తింపుకు ఈ సూచికే ఆధారం. అయితే సూచిక ఎంత అన్నది చెబుతుందే గాని ఎందుకన్నది చెప్పదు. అందుకు భవనం చుట్టూ తిరిగి, ఎండ ఏ వైపు నుంచి లోపలికి వస్తున్నదో కళ్లతో చూడవలసిందే.

పనుల వరుసను నిర్ణయించడంలోనే ఈ విద్య నేర్పు బయటపడుతుంది. మందపాటి సున్నపు గోడలు, ఎత్తైన కప్పులు, చుట్టూ వసారాలు ఉన్న పాత కచేరీలలో గోడను ఎండ నుంచి కాచినది వసారాయే కాగా, చోటు చాలక ఆ వసారాలను మూసి గదులుగా మార్చిన చోట ఆ నీడ పోయింది. తరువాతి కాలపు కాంక్రీటు శ్లాబు పగలంతా వేడిని పీల్చుకుని సాయంత్రానికి గదిలోకి వదులుతుంది. కప్పును అలాగే ఉంచి ముందుగా ఏసీలను మార్చితే, ఆ వేడికి సరిపడే పెద్ద యంత్రమే కొనవలసి వస్తుంది, అది పాడయ్యే వరకు ఆ భారం తప్పదు. ముందు కప్పును చల్లబరిస్తే చిన్న యంత్రమే చాలుతుంది. వేసవికి ముందు మేడపైన సున్నం కొట్టే పాత అలవాటులోని సూత్రమే, పడిన ఎండను తిప్పికొట్టే తెల్లని పూతలోనూ ఉన్నది. 2023లో తెలంగాణ ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకు ఇటువంటి కప్పులను తప్పనిసరి చేసింది.

ఆ తరువాతే పరికరాల వంతు. సుమారు 75 వాట్ల సాధారణ సీలింగ్ ఫ్యాను స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే రాపిడినిచ్చే బ్రష్‌లు లేని మోటారుతో తిరిగేది, అమర్చితే, రోజుకు 8 గంటల చొప్పున 250 పనిదినాలకు 90 యూనిట్లు మిగులుతాయి; అటువంటివి 100 ఉన్న కార్యాలయానికి ఆ మిగులు ఏటా 9,000 యూనిట్లు. ఈ పనికి పెట్టుబడి తానే పెట్టి, తగ్గిన బిల్లులోంచి దానిని కొన్నేళ్లలో రాబట్టుకునే సంస్థను ఇంధన సేవా సంస్థ అంటారు. ముందటి వినియోగాన్ని ఇరుపక్షాలూ ఒప్పుకునేలా కొలిచి ఉంచకపోతే ఆ ఒప్పందం తగాదాగా మారుతుంది కనుక, ఇక్కడా కొలతే పునాది.

అయినా కొలతకు కనిపించనిది ఒకటి ఉంది. ఏసీ లేని, రెండు ఫ్యాన్లు మాత్రమే తిరిగే బడి గదిలో యూనిట్ల లెక్కన మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. పొదుపునే చూసి పనులు ఎంచితే ఆ గది జాబితాలో చివరన నిలుస్తుంది. నిజానికి వేడిని తప్పించుకునే మరో దారి లేని పిల్లలు కూర్చునేది అక్కడే, కప్పు తెల్లబడినందువల్ల అందరికన్నా ఎక్కువ ఊరట పొందేదీ వారే. బిల్లు తగ్గడం ఈ విద్యకు కొలమానం కావచ్చు గాని, ఆ గదిలో మధ్యాహ్నపు పాఠం నిలకడగా సాగడం దాని ప్రయోజనం. ఆ రెంటినీ కలిపి చూసే శాఖే తన భవనాలను నిజంగా బాగుచేసుకోగలదు.