కొరెల్లి సొనాటాలు – వికల్పశబ్దవిచారము

ఇటలీదేశీయుఁడగు ఆర్కాంజెలో కొరెల్లి (1653–1713) రచించిన యైదవ సంపుటము 1700 సంవత్సరమున రోమునగరమున వెలువడెను. ఇందుఁ బండ్రెండు సొనాటాలు గలవు. తెలుగునాఁట ఫిడేలని వ్యవహరింపఁబడు వయొలిన్ ప్రధానవాద్యము. దానిక్రింద మంద్రస్వరపంక్తి యొకటి యాద్యంతము నడచును. దీనికే కంటిన్యువో యని పేరు. ఆ స్వరములపై 6, 7 మున్నగు నంకెలు మాత్రమే వ్రాయఁబడును; తక్కిన స్వరములను వాదకుఁడే యూహించి పూరింపవలెను. సూత్రమునందలి యధ్యాహారమువంటి దిది.

ముఖపత్రమున నీ మంద్రమునకు ‘వియొలోనె ఓ చింబలో’ యని విధి. మొదటిది కమానుతో వాయించు పెద్ద తంత్రీవాద్యము. రెండవది మెట్లు నొక్కఁగాఁ దంత్రులు మీటఁబడు పెట్టెవాద్యము. ‘ఓ’ శబ్దము సంస్కృతమునందలి ‘వా’ శబ్దమువలె వికల్పార్థకము. అయినను నేఁటి సభలయందుఁ బ్రాయికముగఁ గమానువాద్య మొకటియుఁ జింబలోయుఁ గూడియే మ్రోగుచున్నవి. వికల్పమునకు సముచ్చయార్థము చెప్పుట కాధారమేమి?

వియొలోనె యొక్కటియే యైనచో నంకెలు వ్యర్థములగునని యొక వాదము. అది నిలువదు. చింబలోపక్షమున నవి చరితార్థములే కదా! ముఖపత్రము వర్తకుల ప్రకటనయే కాని శాస్త్రవాక్యము కాదనునది రెండవ వాదము. ఇది కొంత బలవత్తరము. కాని 1681, 1689 సంవత్సరముల సంపుటముల ముఖపత్రములఁ జూడుఁడు. అందు ‘వియొలోనె లేక పెద్దవీణ, ఆర్గానుకొఱకగు మంద్రముతోఁ గూడ’ యని యున్నది. ఒక్క వాక్యముననే వికల్పమునకు ‘ఓ’ శబ్దమును, సాహిత్యమునకు – అనఁగా సహభావమునకు – ‘కోల్’ శబ్దమును వేఱువేఱుగఁ బ్రయుక్తములు. ఇట్లు భేదమెఱిఁగి ప్రయోగించిన కర్తకుఁ దరువాతి సంపుటమున నర్థసాంకర్యము నంటఁగట్టుట యుచితము కాదు.

రచనయు నీ యర్థమునకే సాక్షి. మొదటి యాఱు సొనాటాల శీఘ్రగతులలో నొకే స్వరపంక్తిని వేర్వేఱు స్థాయిల నొకదానివెంట నొకటి యెత్తుకొను భాగములు గలవు. అచట వయొలిన్ రెండు తంత్రులపై రెండు పంక్తులను దానే పలుకును, మంద్రము మూఁడవది. చింబలో సాయము లేకయే నిర్మాణము పూర్ణము. విలంబగతులలో మాత్రము వెలితి కనఁబడుట సత్యమే. అయితే 1710లో ఆమ్‌స్టర్‌డామున ఎస్తియెన్ రోజే ప్రకటించిన ప్రతియం దీ విలంబభాగములకు విరివిగ నలంకారస్వరములు గలవు. అవి కొరెల్లివి కావని సంశయించినవారు నాఁడే యుండిరి. కర్త యెవఁడైనను, ఆ వెలితి వయొలిన్ పూరింపవలసిన తావేయని యా కాలమువా రెంచినట్లు తెలియుచున్నది.

పండ్రెండవది ‘ఫోలియా’ యను ప్రసిద్ధవరుసపై వికల్పనలమాల. అందుఁ గొన్నిచోట్ల వయొలిన్ పలికిన వేగస్వరములను మంద్రము తాను గైకొని పలుకును. అచటఁ జింబలో తంత్రుల ఝణత్కారము తోడైనచోఁ గమాను పలుకు మఱుగుపడును.