బ్యాటరీ నిండుగానే ఉంది

మా డాలస్ వాట్సాప్ గ్రూపులో ఈ వారమంతా ఒకటే పాట: "లిథియం వేయించెయ్." థాంక్స్‌గివింగ్ సెలవులకి మాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడొకడు ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని పెళ్లాం పిల్లలతో గ్రాండ్ కాన్యన్ వెళ్లాడు. సౌత్ రిమ్ మీద మేథర్ క్యాంప్‌గ్రౌండ్. ఏడు వేల అడుగుల ఎత్తు, కరెంటు హుకప్పులు లేవు, రాత్రయితే నీళ్లు గడ్డకట్టే చలి. అర్ధరాత్రి దాటాక ఫర్నేస్ గుర్రుమని తిరిగి, మంట అంటుకోకుండానే ఆగిపోయింది. మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. గ్యాసు సిలిండర్లు రెండూ నిండుగా ఉన్నాయి. గోడ మీది ప్యానెల్లో బ్యాటరీ దీపాలు నాలుగూ వెలుగుతున్నాయి. పిల్లలు కోట్లు తొడుక్కునే పడుకున్నారు. ఆ సంగతి గ్రూపులో పెట్టాడో లేదో, ట్రైలర్ మొహం చూడనివాళ్లు కూడా వాడిచేత కొత్త బ్యాటరీ కొనిపించేయబోయారు.

కొలవకుండా కొనడం నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆదివారం మీటరు జేబులో వేసుకుని వాళ్లింటికి బయల్దేరాను.

"బ్యాటరీ బానే ఉందన్నా, పన్నెండున్నర పైనే చూపిస్తోంది" అన్నాడు. చూపించదా మరి! పనేమీ లేకుండా కూర్చున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు, సగానికొస్తే 12.2 దరిదాపుల్లో ఉంటుంది. ఛార్జింగు నుంచి అప్పుడే తీసినదైతే ఇంకా ఎక్కువే చూపించి మోసం చేస్తుంది. ఫర్నేస్‌కి ఈ అంకెతో పని లేదు. అందులో మంటకంటే ముందు ఫ్యాను తిరగాలి. ఆ గాలికి సెయిల్ స్విచ్ అనే పల్చటి రేకు కదిలితేనే బోర్డు గ్యాసు వదులుతుంది. వోల్టేజి పడిపోతే ఫ్యాను నీరసిస్తుంది, రేకు కదలదు, గ్యాసు రాదు. లైట్లు మాత్రం దర్జాగా వెలుగుతూనే ఉంటాయి.

ఇక్కడ ఆటోనగర్ ఊసెత్తకుండా ముందుకు పోవడం నా వల్ల కాదు. విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ లారీకి బ్యాటరీలు చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. చొక్కా నిండా యాసిడ్ తిన్న చిల్లులు. షాపు ముందు బ్యాటరీలు వరసగా తీగలతో కలిపి రాత్రంతా ఛార్జింగులో ఉండేవి, ఆ ఘాటుకి కళ్లు మండేవి. అప్పటి బ్యాటరీలకి ఒక సెల్లుని ఇంకో సెల్లుకి కలిపే సీసపు పట్టీలు పైనే కనిపించేవి. మూత తీసి హైడ్రోమీటరుతో గ్రావిటీ చూసేవాడు. దాన్నీ పూర్తిగా నమ్మేవాడు కాదు. రెండు మేకుల మధ్య మందపాటి రేకు, పైన చిన్న మీటరు ఉండే పంగలాంటి పనిముట్టు తీసి ఒక్కో సెల్లు మీదా గట్టిగా నొక్కేవాడు. రేకు కాలేది. మంచి సెల్లు అయితే ముల్లు నిలబడేది, చెడ్డదైతే జారిపోయేది. "ఊరికే కూర్చున్నోణ్ణి చూసి ఏం చెప్తాం బాబూ, బస్తా ఎత్తించి చూడాల" అనేవాడు. మీటరు 10.5 అంటే మాత్రం ఇంకేదీ ముట్టుకునేవాడు కాదు. సెల్లుకి 2.1 చొప్పున ఆరు సెల్లులకి రావలసిన 12.6లో ఒకటి చచ్చిందన్నమాట. అసలు వీటన్నిటికంటే ముందు ఇంకో పని చేసేవాడు. మా మామయ్య చేత సెల్ఫ్ కొట్టించి, టెర్మినళ్ల మీదా ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ బోల్టు మీదా చెయ్యి వేసి చూసేవాడు. ఏది కాలితే దొంగ అదే. అక్కడ మిర్చి లోడు ఆగిపోయిందని మామయ్య గింజుకుంటుంటే, ఈయన మాత్రం బోల్టు విప్పి గరుకు కాగితంతో నింపాదిగా రుద్దుతూ కూర్చునేవాడు.

ఆయన పద్ధతే పట్టాను. ఫర్నేస్ వేయించి కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.1, ఫర్నేస్ దగ్గర 10.8. మధ్యలో ఎవరో తినేస్తున్నారు. మీటరు ఒక కడ్డీ బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఛాసిస్ ఇనుము మీద పెట్టాను. దాదాపు సున్నా రావాలి, వోల్టు పైన వచ్చింది. తీగ వెంట వెళ్తే ట్రైలర్ ముక్కు దగ్గర రంగు మీదే బిగించేసిన బోల్టు, దాని కింద తుప్పు. గీకి, పళ్ల వాషరు వేసి బిగిస్తే మొదటి దెబ్బకే మంట అంటుకుంది. గ్రూపులో గర్వంగా రాయడానికి ఫోను తీశాను కూడా.

ఎందుకైనా మంచిదని ఫ్యాను అలాగే వదిలేసి పెసరట్లకి కూర్చున్నాం. ఫ్యాను తీసుకునేది ఎనిమిది ఆంపియర్లు. ఎనభై ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగానికి రావడానికే ఐదు గంటలు పట్టాలి. ఉప్మా అయ్యేలోపే 11.5కి జారి ఫ్యాను మూలగడం మొదలెట్టింది. వేసవంతా ట్రైలర్ స్టోరేజి యార్డులో పడి ఉంది. గ్యాసు అలారం, రేడియో, ఫ్రిజ్ బోర్డు కలిసి అర ఆంపియరు పీల్చినా రోజుకి పన్నెండు, వారంలో ఖాళీ. ఖాళీగా వదిలేసిన ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకడుతుంది. తర్వాత ఛార్జి చేస్తే 12.6 అంటుంది గానీ, పట్టేదే కొంచెం.

అంటే కొత్తది కొనక తప్పదు. గ్రూపు చెప్పినట్టు నేరుగా లిథియం పెట్టి ఉంటే అది 13 పైనే నిలబడుతుంది కాబట్టి ఆ తుప్పుతో కూడా ఫర్నేస్ వెలిగేదేమో. తుప్పు మాత్రం అక్కడే ఉండేది. దారిలో ట్రైలర్ బండి నుంచి ఊడిపోతే దాని బ్రేకులు పట్టాల్సింది ఈ బ్యాటరీతోనే, ఈ బోల్టు దారినే.

నాకైతే ఆరు వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో వేయించాలని ఉండింది. చవక, మొండివి, మూత తీస్తే లోపలేముందో కనిపిస్తుంది. కానీ ఒక్కోటీ ముప్ఫై కిలోల దాకా బరువు, కూర్చునేది ముక్కు మీద. వాడి ఎస్‌యూవీ హిచ్ ఇప్పటికే హద్దు దగ్గరుంది. పైగా డిస్టిల్డ్ వాటర్ పోసే ఓపిక వాడికి లేదు. సున్నా డిగ్రీల కింద లిథియంని ఛార్జి చేయకూడదు, నిజమే. కాకపోతే దాన్ని లోపల, మంచం కింద, ఫర్నేస్ వెచ్చదనంలో పెట్టుకోవచ్చు. లిథియమే కొనుక్కోమని చెప్పాను. ఎప్పుడూ 13.6 వోల్టులే ఇచ్చే పాత కన్వర్టర్‌తో అది సరిగా నిండదు, అదీ మార్చమన్నాను. ట్రైలర్లలో సాధారణంగా నల్ల తీగే ప్లస్సు, తెల్లది మైనస్సు. కారు అలవాటుతో తిరగేస్తే కన్వర్టర్ ఫ్యూజులు ఎగిరిపోతాయని రెండుసార్లు చెప్పాను.

ఇంకోటి. లిథియం ముప్పావు వంతున్నా, పావు వంతున్నా దాదాపు 13.2 దగ్గరే నిలబడుతుంది. నా జేబులో మీటరు అక్కడ దండగ. లోపలికెళ్లిందెంత, బయటికొచ్చిందెంత అని లెక్కపెట్టే షంట్ మీటరు ఉండాలి. అదీ కొనమన్నాను. గ్రూపులో ఆ మాట ఒక్కరూ అనలేదు.